పద్దుకెక్కని ఖర్చు

నాన్నకి టీబీ వచ్చినప్పుడు మందులన్నీ ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే ఇచ్చారు. సూదులు, మాత్రలు, ఎక్స్‌రే, కళ్లె పరీక్ష, వేటికీ పైసా కట్టింది లేదు. ఈ మాట చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, "మరి మీ ఇల్లెందుకు అంతలా చితికిపోయింది?" అని. నేను ఎకనామిక్స్ చదవడానికీ, ఆ తర్వాత కాలేజీలో అదే పాఠం చెప్పుకుంటూ బతకడానికీ మూలం ఆ ప్రశ్నలోనే ఉంది.

నాన్న ప్రెస్సులో కంపోజిటర్, అంటే అచ్చుకి అక్షరాలు పేర్చేవాడు. సీసం అక్షరాల రోజులవి. కేసు అనే అక్షరాల గడుల పెట్టె ముందు నిలబడితే ఏ గడిలో ఏ గుణింతం ఉందో, ఏ మూల ఏ వత్తు ఉందో చూడకుండానే తీసి స్టిక్కులో పేర్చేవాడు. సెలవు రోజుల్లో నన్ను కూడా వెంట తీసుకెళ్లేవాడు. పేర్చిన అక్షరాలున్న గ్యాలీ మీద ఇంకు పూసి, తప్పులు చూసుకోవడానికి ప్రూఫు తీసే కుర్రాడి పక్కన నిలబడి గంటలకొద్దీ చూసేవాణ్ణి. తడి ఇంకు వాసన తగిలితే ఇప్పటికీ నాకు నాన్నే గుర్తొస్తాడు.

దగ్గు ఎంతకీ తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. చొక్కాలు వదులయ్యాయి. పరీక్షలో టీబీ అని తేలాక అమ్మకి పట్టుకున్న మొదటి టెన్షన్ శానిటోరియం గురించి, అంటే టీబీ రోగుల్ని విడిగా ఉంచే ఆసుపత్రి గురించి. దూరంగా ఎక్కడో నెలల తరబడి ఉంచేస్తారని, తిరిగొస్తారో లేదో తెలియదని ఆవిడ చిన్నప్పటి నుంచీ విని ఉంది. డాక్టరుగారు మాత్రం, "అక్కర్లేదమ్మా, ఇంట్లోనే ఉంచి మందులు వాడండి" అన్నారు. ఆ మాట వెనక ఎంత పెద్ద పరిశోధన ఉందో చాలా ఏళ్ల తర్వాత గానీ నాకు తెలియలేదు. 1956లో మద్రాసులో టీబీ వైద్య పరిశోధనా కేంద్రం ఒకటి పెట్టారు. వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిష్ వైద్యుడి నాయకత్వంలో అక్కడ కొందరు రోగులకు శానిటోరియంలో, మరికొందరికి ఇరుకిళ్లలోనే ఉంచి ఒకే రకం మందులిచ్చి చూశారు. ఇళ్లలో ఉన్నవాళ్లకీ జబ్బు దాదాపు అదే స్థాయిలో నయమైంది. వాళ్లతో కలిసి ఉన్న కుటుంబ సభ్యులకి అదనంగా ముప్పు కూడా రాలేదు. 1959లో ఆ ఫలితాలు బయటికి వచ్చాక ప్రపంచమంతటా శానిటోరియాలు ఒక్కొక్కటిగా మూతపడటం మొదలైంది. ఎంతమంది పిల్లలకి తండ్రినో తల్లినో ఇంట్లోనే ఉంచిన పరిశోధన అది! అందులో పనిచేసిన వాళ్లకి నేను మనసులో ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో.

అయితే ఇంట్లో ఉన్నంత మాత్రాన పనికి వెళ్లగలడని కాదు కదా. అప్పట్లో వైద్యం ఏడాదికి పైగా సాగేది. రిఫాంపిసిన్ లాంటి మందులు అందరికీ అందాక గానీ అది ఆరు నెలలకు తగ్గలేదు. మొదటి కొన్ని నెలలు రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది. వరసలో నిలబడి సూది వేయించుకుని ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటేది. ఆ సూదితో కొందరికి చెవులు దెబ్బతింటాయి, తూలు వస్తుంది. నాన్నకి తూలు వచ్చింది. గోడ పట్టుకుని నడిచే మనిషి కేసు ముందు రోజంతా ఏం నిలబడతాడు?

అమ్మకి పద్దు రాసే అలవాటు ఉండేది. ఒక పొడుగు నోటు పుస్తకం, మధ్యలో గీత, ఎడమవైపు రాబడి, కుడివైపు ఖర్చు. ఆ ఏడాది పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కుడివైపు "మందులు" అని రాసి ఎదురుగా అడ్డగీత పెట్టి ఉంటుంది, నెల తర్వాత నెల. కింద బస్సు ఛార్జీలు, వడ్డీ, మళ్లీ వడ్డీ. ఎడమవైపు నాన్న జీతం ఉండాల్సిన చోట ఖాళీ. అన్నిటికంటే నన్ను కదిలించేది ఒక చిన్న వరస. "పెద్దమ్మాయి ఫీజు" అన్న చోట "లేదు" అని రాసి ఉంది. అమ్మ పనికి కుదురుకోవడంతో ఇంటినీ, నాన్ననీ, మమ్మల్నీ చూసుకోవడానికి అక్క బడి మానేసింది. దాంతో ఆ నెల ఖర్చు తగ్గింది. ఆ పుస్తకం ప్రకారం మా అక్క చదువు ఆగిపోవడం మాకు ఆదా.

ప్రెస్సులో కూడా ఇలాంటిదే ఒకటి జరిగింది. నాన్న చోట పెట్టిన కుర్రాడికి చెయ్యి తిరగలేదు. ప్రూఫుల నిండా తప్పులే. దిద్దే ఆయన రాత్రిళ్లు కూర్చోవాల్సి వచ్చింది. అచ్చుకెక్కాల్సిన ఫారాలు, అంటే పేర్చిన పేజీలు, ఆలస్యమైతే మెషీన్ ఖాళీగా ఉండేది, మెషీన్ ఖాళీగా ఉంటే మడతలు పెట్టి కుట్టే ఆడవాళ్లకి ఆ పూట పని లేదు. వాళ్లకి ఇచ్చేది కాగితాల లెక్కన, పని లేకపోతే కూలీ లేదు. వాళ్లలో ఎవరికీ టీబీ లేదు. నాన్నని చూడటానికి వచ్చిన ఒకావిడ ఈ సంగతి నిష్ఠూరంగా కాదు, మామూలుగా చెప్పింది. నాన్న మాత్రం ఆ రాత్రి చాలాసేపు మాట్లాడలేదు.

ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడు. అంతకు మించి ఆ సంగతి చెప్పడం నాకు ఇష్టం లేదు.

డిగ్రీలో చేరాక మా ఎకనామిక్స్ మేడమ్ ఒకరోజు బాహ్య ప్రభావాల గురించి చెబుతూ పాఠ్యపుస్తకం మూసేసి పనామా కాలువ కథ మొదలుపెట్టింది. ఒకరి పనివల్లో, ఒకరి స్థితివల్లో ఆ వ్యవహారంతో సంబంధమే లేని మూడోవాళ్ల మీద పడే లాభనష్టాలు బాహ్య ప్రభావాలు. ఫ్యాక్టరీ పొగ ఉదాహరణ ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఆవిడ దోమని ఉదాహరణగా తీసుకుంది. 1881లో ఫ్రెంచివాళ్లు కాలువ తవ్వడం మొదలుపెట్టారు. ఎల్లో ఫీవర్, మలేరియా కలిసి పనివాళ్లని ఊడ్చేశాయి. ఆ కొద్ది సంవత్సరాల్లో చనిపోయినవాళ్లు 20,000 మందికి పైనే. ఆసుపత్రిలో చీమలు ఎక్కకుండా మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవాళ్లట. ఆ నీళ్లలోనే దోమలు గుడ్లు పెట్టేవి. జబ్బు తగ్గించుకోవడానికి చేరిన చోటే జబ్బు పెరిగేది. ఈ జబ్బులు దోమవల్లేనని అప్పటికి రుజువు కాలేదు.

1889లో కంపెనీ దివాలా తీసింది. దానికి దోమ ఒక్కటే కారణం కాదు, తప్పుడు అంచనాలు, లంచాలు కూడా ఉన్నాయి. కానీ మేడమ్ మమ్మల్ని చూడమన్నది వేరే వైపు. ఆ కంపెనీలో వాటాలు, బాండ్లు కొన్న లక్షలాది మంది ఫ్రాన్సులోని మామూలు మనుషులు. పనామా ఎక్కడుందో పటంలో చూపించలేని వాళ్లు కూడా ముసలితనానికి దాచుకున్నది అందులో పెట్టారు. సముద్రానికి అవతల ఎవరికో వచ్చిన జ్వరానికి వాళ్లు కూడా చెల్లించారు. 1904లో అమెరికన్లు పని అందుకున్నాక విలియం గోర్గస్ అనే సైనిక వైద్యుడు ముందు దోమల మీద పడ్డాడు. నిలవ నీళ్ల మీద నూనె పోయించాడు, కిటికీలకి జాలీలు కొట్టించాడు, ఇల్లిల్లూ పొగబెట్టించాడు. వృథా ఖర్చని పైవాళ్లు మొదట్లో సణిగారు. 1905 చివరికల్లా అక్కడ ఎల్లో ఫీవర్ దాదాపు కనుమరుగైంది. 1914లో కాలువ తెరుచుకుంది.

క్లాసు అయిపోయినా నేను బెంచీ మీద నుంచి లేవలేదు. మడతలు పెట్టే ఆడవాళ్లు, ఫ్రాన్సులో బాండ్లు కొన్న ముసలివాళ్లు ఒకే వరసలో కూర్చున్నట్టు అనిపించింది నాకు.

నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లోనే సూరత్ ప్లేగు వచ్చింది. 1994 సెప్టెంబరు. పేపర్లలో మొదటి పేజీ నిండా అదే. ముక్కుకి గుడ్డలు కట్టుకుని రైళ్ల మీద వేలాడుతున్న జనం ఫొటోలు. లక్షల మంది కొద్ది రోజుల్లోనే నగరం వదిలిపోయారు. ప్లేగుకి వాడే టెట్రాసైక్లిన్ కొనడానికి మందుల షాపుల ముందు తొక్కిసలాట. చనిపోయినవాళ్లు దేశం మొత్తం మీద 60 మంది లోపే. సమయానికి మందు పడితే తగ్గిపోయే జబ్బు. అయినా వజ్రాల సానపట్టే కార్ఖానాలు, మగ్గాలు ఆగిపోయాయి, గల్ఫ్ దేశాలు విమానాలు నిలిపేశాయి, కొన్ని దేశాలు సరుకులు వద్దన్నాయి, పర్యాటకులు ప్రయాణాలు రద్దు చేసుకున్నారు. మొత్తం నష్టం దాదాపు 200 కోట్ల డాలర్లు ఉంటుందని తర్వాత అంచనాలు వచ్చాయి.

ఆ వారం క్లాసులో బోర్డు మీద నిలువుగా గీత గీసి పిల్లల్ని అడిగాను, ఈ ప్లేగుకి డబ్బు కట్టిందెవరో చెప్పండి అని. మొదట రోగులు అన్నారు. తర్వాత ఆసుపత్రులు, ప్రభుత్వం. వెనక బెంచీలోంచి ఒకబ్బాయి లేచి, "ప్లేగు లేని ఊళ్లో హోటల్లో రూములు ఊడ్చేవాళ్లు సార్" అన్నాడు. అక్కడి నుంచి గంట కొట్టేదాకా చేతులు లేస్తూనే ఉన్నాయి. రైల్వే కూలీ, ఎగుమతి కంపెనీ గుమాస్తా, ఓడరేవులో నిలిచిపోయిన సరుకు తాలూకు రైతు. నాన్న సంగతి నేను వాళ్లకి చెప్పలేదు. కానీ బోర్డు మీద ప్రతి పేరూ రాస్తుంటే చెయ్యి కొంచెం వణికింది.

సూరత్ కథలో నాకు నచ్చే భాగం ఆ తర్వాతిది. మరుసటి ఏడాది ఎస్.ఆర్. రావు అనే కమిషనర్ వచ్చి చెత్త, మురుగు, మంచినీళ్ల మీద పడ్డారు. అధికారులు రోజూ వీధుల్లోకి వెళ్లి చూడాల్సిందేనన్నారు. కొద్ది ఏళ్లలోనే అది దేశంలోని పరిశుభ్రమైన నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. ఆ ఖర్చు ప్లేగుకి ముందే ఎందుకు పెట్టలేదని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. నా సర్వీసు మొత్తంలో దానికి నేను ఇచ్చిన ఏ జవాబూ నాకే తృప్తిగా అనిపించలేదు.

2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి వచ్చింది. 8,000 పై చిలుకు కేసులు, 774 మరణాలు, కొన్ని నెలల్లో అణిగిపోయింది. దాని నష్టం 4,000 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. అందులో చికిత్సకైంది చాలా కొద్ది. జనం ఇళ్లలోంచి కదలకపోవడమే అసలు నష్టం. విమానాలు ఖాళీ, హోటళ్లు ఖాళీ. భయానికి కూడా ధర ఉంటుందని చెప్పడానికి నాకు ఏళ్ల తరబడి ఉపయోగపడిన ఉదాహరణ అది. అంతకంటే పెద్దది నా కళ్లముందే వస్తుందని అప్పుడు తెలియదు.

కోవిడ్ గురించి అందరికీ ఎవరి జ్ఞాపకాలు వాళ్లకున్నాయి. నా జ్ఞాపకం నల్లటి చదరాలు. ఆన్‌లైన్ క్లాసులో స్క్రీన్ మీద పేర్లు మాత్రమే కనిపించేవి. రోజులు గడిచేకొద్దీ ఆ పేర్లు తగ్గుతూ వచ్చాయి. ఫోన్ చేసి కనుక్కుంటే ఒక్కొక్కరిదీ ఒక్కో కారణం. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ తమ్ముడి క్లాసుకి కావాలి. నాన్న పని పోయింది, డెలివరీ పనిలో చేరాను సార్. పెళ్లి కుదిరింది సార్. చివరి మాట చెప్పిన అమ్మాయి ఆ బ్యాచిలో అందరికంటే బాగా రాసేది. ఆ కాలంలో ప్రపంచమంతటా బడులూ కాలేజీలూ మూతపడి ఇంటికి పరిమితమైన విద్యార్థులు దాదాపు 160 కోట్ల మంది. 2020లో ప్రపంచ ఆర్థిక వ్యవస్థ సుమారు 3 శాతం కుంచించుకుపోయింది, దాదాపు 7 కోట్ల మంది అదనంగా కటిక పేదరికంలోకి జారారు. 2024 చివరిదాకా కలుపుకుంటే మొత్తం నష్టం 13.8 లక్షల కోట్ల డాలర్లకు చేరుతుందని అంతర్జాతీయ ద్రవ్యనిధి 2022లో లెక్కవేసింది. అంత పెద్ద అంకె వింటే నాకు ఏమీ అనిపించదు. ఆ అమ్మాయి పేరు తలుచుకుంటే అనిపిస్తుంది.

ఇంకో లెక్క ఉంది, అది చూసి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. 2019లో ప్రపంచంలో కొత్తగా టీబీ గుర్తించిన రోగులు 71 లక్షలు. 2020లో ఆ సంఖ్య 58 లక్షలకు పడిపోయింది. జబ్బు తగ్గి కాదు. సిబ్బందిని, ప్రయోగశాలల్ని కోవిడ్‌కి మళ్లించారు, రోగులు ఆసుపత్రికి రావడానికి భయపడ్డారు. ఎంతోమంది టీబీ ఉన్నట్టు తెలియకుండానే దగ్గుతూ ఇంట్లో ఉండిపోయారు. పదేళ్లకు పైగా తగ్గుతూ వస్తున్న టీబీ మరణాలు ఆ ఏడాది మళ్లీ పెరిగాయి. ఒక జబ్బు ఖర్చుని ఇంకో జబ్బున్నవాళ్లు కట్టడం అంటే ఇదే.

రిటైరయ్యాక తీరిగ్గా చదువుకున్న వాటిలో హోయ్ట్ బ్లీక్లీ అనే ఆర్థికవేత్త 2007లో ప్రచురించిన పరిశోధన ఒకటి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఒకప్పుడు బడి వయసు పిల్లల్లో 40 శాతం మందికి పేగుల్లో కొంకి పురుగులుండేవి. ప్రాణం తీయవు, రక్తం పీలుస్తాయి. పిల్లలు పాలిపోయి, బడిలో కునికిపాట్లు పడేవాళ్లు. సోమరిపోతులని పేరు కూడా పెట్టారు. 1909లో రాక్‌ఫెల్లర్ విరాళంతో ఊరూరా మందులు పంచే కార్యక్రమం మొదలైంది. ఎక్కడ పురుగులు ఎక్కువగా ఉండేవో అక్కడ ఆ తర్వాత పిల్లలు బడికి రావడం బాగా పెరిగింది. ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్ల సంపాదన కూడా మెరుగ్గా ఉందని ఆయన జనాభా లెక్కల నుంచి తేల్చాడు. అంటే చిన్నప్పటి జబ్బు ఖర్చు నలభై ఏళ్ల తర్వాతి జీతంలో కూడా కోత పడుతూ ఉంటుంది. అక్కకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "నేను చదివుంటే టీచర్నయ్యేదాన్ని రా" అంది. ఆ మాట ఆవిడ నోట అంతకుముందెప్పుడూ నేను వినలేదు.

ఇప్పుడు టీబీ రోగుల కుటుంబాలు మోసే ఖర్చుని దేశదేశాల్లో సర్వే చేస్తున్నారు. ఏడాది ఆదాయంలో 20 శాతం మించితే దాన్ని కుటుంబాన్ని కూల్చేసే ఖర్చుగా లెక్కిస్తారు. సర్వేలు జరిగిన చోట్ల దాదాపు సగం కుటుంబాలది అదే పరిస్థితి, మందులు ఉచితమైనా సరే. పోయిన కూలీ, ప్రయాణాలు, చేసిన అప్పు, అమ్ముకున్న వస్తువు, అన్నీ అడుగుతారు. పిల్లల చదువు ఆగిందా అని కూడా అడుగుతారు. ఆ ప్రశ్నావళి తయారుచేసిన వాళ్లెవరో గానీ ఇళ్లలోకి వెళ్లి చూసినవాళ్లే.

కట్టిన ఖర్చు గురించే చెప్పుకుంటే అన్యాయం అవుతుంది. మశూచి సంగతి చూడండి. 1967 నుంచి దాన్ని నిర్మూలించడానికి ప్రపంచం పెట్టిన ఖర్చు దాదాపు 30 కోట్ల డాలర్లు. టీకాలు, చికిత్స, క్వారంటైన్ అవసరం లేకుండా పోయినందుకు మిగిలేది ఏటా 100 కోట్ల డాలర్లకు పైనే. మా తరంలో చాలామంది భుజాల మీద ఆ టీకా మచ్చ ఉంటుంది, మా పిల్లలకి లేదు. సహజంగా మశూచి సోకిన చివరి మనిషి సోమాలియాలోని అలీ మావ్ మాలిన్. 1977లో ఆసుపత్రిలో వంటమనిషిగా పనిచేసేవాడు. నొప్పి పెడుతుందని టీకాని తప్పించుకున్నాడట. బతికి బయటపడ్డాక పోలియో చుక్కల కార్యక్రమంలో చేరి, టీకా వద్దనే తల్లిదండ్రులకి తన కథే చెప్పి ఒప్పించేవాడు. 2013లో ఆ పనిలో ఉండగానే జ్వరమొచ్చి మలేరియాతో చనిపోయాడు.

మిగిలిన డబ్బు ఎవరి చేతికీ వచ్చి కనిపించదు, అదే ఇందులో కష్టం. రాని జబ్బుకి రసీదు ఉండదు. పెట్టిన ఖర్చు మాత్రం బడ్జెట్‌లో స్పష్టంగా కనిపిస్తుంది, అందుకే కోత పడినప్పుడు ముందు దాని మీదే పడుతుంది. 2025లో అమెరికా విదేశాలకి సాయం అందించే తన యూఎస్ఎయిడ్ సంస్థని మూసేసి, దాని కార్యక్రమాల్లో చాలావాటిని ఆపేసింది. అప్పటిదాకా టీబీ మీద ప్రపంచానికి అందే విదేశీ సాయంలో పెద్ద వాటా అమెరికాదే. ఆ వార్తలు చదువుతున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. టీబీ మందు మధ్యలో ఆగితే సూక్ష్మజీవి మందుకి లొంగని రకంగా మారే ప్రమాదం ఉంది. అలా మారితే వైద్యం మరింత కష్టం, ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువ, అది ఇంట్లో మిగతావాళ్లకి సోకితే వాళ్లకీ అంతే. ఈ లెక్క తెలియని వాళ్లెవరూ ఆ కుర్చీల్లో లేరు. ఇప్పుడు మిగిలిందని వాళ్లు చూపిస్తున్న డబ్బుకి పదేళ్ల తర్వాత ఏ దేశంలో, ఏ ఇంట్లో, ఏ ఆడపిల్ల బడి మానేసి చెల్లిస్తుందో కూడా లెక్కవేసి చూపించమని అడగాలని ఉంది నాకు.